పోపుకి మోగకూడదు, మాడితే మోగాలి

ఈ ఏడాది మేం అద్దెకిచ్చే సరస్సు ఇంటి తనిఖీ పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ఇక్కడి పంచాయతీ లాంటి టౌన్‌షిప్ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి కొత్తవాడు, అమెరికన్. బూట్లకి నీలం కవర్లు తొడుక్కుని గదిగదికీ వెళ్లాడు. స్మోక్ అలారం బటన్ నొక్కడం, అది కూయగానే చేతిలో ఉన్న టాబ్లెట్‌లో టిక్కు పెట్టడం, పక్క గదికి నడవడం. నేనిచ్చిన నీళ్ల సీసా గుమ్మంలోనే అందుకుని సగం తాగేశాడు. చివర్లో అంతా బాగుందని చెప్పి, సంతకం పెట్టమని టాబ్లెట్ నా వైపు తిప్పాడు.

నేను సంతకం పెట్టకుండా నిలబడ్డాను. మంచాల మీద ఇంకా పడుకోలేదే అన్న మాట నోటిదాకా వచ్చింది. దాని బదులు, ఇదివరకు వచ్చే ఆయన ఏమయ్యారని అడిగాను.

జనవరిలో చనిపోయారని చెప్పాడు. తను ఆయన్ని చూడలేదట, ఆఫీసులో వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాడట. "ఆవాల డబ్బా తెచ్చుకునే ఆయనేగా?" అని ఇంగ్లిషులో అడిగి నవ్వాడు. అవునన్నాను.

ఆయన మా ఇంటికి వచ్చింది మొత్తం ఐదుసార్లు. ఐదుసార్లు చూసిన మనిషి గురించి జీవితచరిత్ర రాయలేం. నాకు తెలిసింది కొంచెమే. మాటలో గోదావరి యాస ఉండేది. డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. తర్వాత ఆ సరస్సు ఊళ్లోనే చిన్న ఇల్లు తీసుకుని ఉండేవారు. టౌన్‌షిప్ వాళ్లు అద్దె ఇళ్లు చూసి రావడానికి వారానికి రెండు రోజులు పనిచేసే మనిషి కావాలని బోర్డు పెడితే వెళ్లి చేరారు. ఆయన పేరు ఇక్కడ రాయను. రిపోర్టు కింద కూడా పేరు ఎవరికీ చదవరాని సంతకమే పెట్టేవారు.

మేం ఉండేది డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో. సరస్సు ఇల్లు అక్కడి నుంచి ఉత్తరానికి రెండున్నర గంటల ప్రయాణం. మేం కొన్నప్పుడు ఆ టౌన్‌షిప్‌లో నియమాలంటూ పెద్దగా లేవు. ఎవరైనా తమ ఇంటి ఫొటోలు వెబ్‌సైటులో పెట్టి రెండు రోజులకో, వారానికో అద్దెకి ఇచ్చుకునేవారు. తర్వాత గొడవలు మొదలయ్యాయి. ఆరుగురికని తీసుకున్న ఇంట్లో ఇరవైమంది దిగడం, పక్కవాళ్ల పచ్చికలో కార్లు పెట్టడం, చెత్తడబ్బాలు వారాల తరబడి రోడ్డు మీదే ఉండటం. ఊళ్లో ఏళ్లుగా కాపురం ఉంటున్నవాళ్లు ప్రతి సమావేశంలోనూ లేచి మాట్లాడేవారు. టౌన్‌షిప్ బోర్డు చివరికి ఒక స్థానిక చట్టం చేసింది. అద్దెకివ్వాలంటే లైసెన్స్ ఉండాలి. లైసెన్సుల సంఖ్యకి పరిమితి ఉంది. పడకగదికి ఇద్దరు చొప్పున, ఇంటి మొత్తానికి అదనంగా మరో ఇద్దరు, అంతకు మించి ఉండకూడదు. ఏటా తనిఖీ, ఏటా ఫీజు.

ఫీజు మీద మావాళ్లలో చాలా సణుగుడు ఉండేది. ఆ సరస్సు చుట్టుపక్కల ఇళ్లు కొన్న తెలుగువాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఇంటిపన్ను కడుతున్నాం, రాష్ట్రానికి వెళ్లే పన్నుని బుకింగ్ వెబ్‌సైటువాళ్లు అతిథుల దగ్గర పట్టుకుని కడుతున్నారు, మళ్లీ ఇదెందుకని అందులో రోజూ రాసేవారు. ఒకసారి ఆయన్నే అడిగాను. ఆ ఫీజులో తన జీతమూ పెట్రోలూ ఉన్నాయన్నారు. "మీ ఇంటికొచ్చేవాళ్లు మీకు తెలీదు. మీరు వాళ్లకి తెలీదు. మధ్యలో ఒకడు తిరగాలి కదమ్మా. వాడి కూలి అది," అన్నారు.

ఇక నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కరీంనగర్‌లో ఇంటర్‌తోనే నా చదువు ఆగిపోయింది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా మీద తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసే వీలు లేదు. ఆ తొమ్మిదేళ్లూ ఇక్కడ మేముండే ఊరి లైబ్రరీలో చదివాను. మొదట వంట పుస్తకాలు, తర్వాత చరిత్ర, తర్వాత ఇళ్లు ఎలా కడతారన్న పుస్తకాలు, చట్టాలు. ఒక వాక్యం అర్థం కాకపోతే నిఘంటువు ముందు పెట్టుకుని అది లొంగేదాకా కూర్చునేదాన్ని. డిగ్రీ ఉన్నవాళ్లు చదవని కాగితాలు నేను చదివానన్న గర్వం నాకుంది. ఇప్పటికీ ఉంది.

అందుకే టౌన్‌షిప్ కొత్త చట్టం వచ్చినప్పుడు లైబ్రరీ ప్రింటర్ మీద మొత్తం తీసి మూడుసార్లు చదివాను. అవకాశాలకి పచ్చరంగు, ప్రమాదాలకి గులాబీరంగు గీతలు పెట్టుకున్నాను. దరఖాస్తులు ఎవరు ముందిస్తే వారికే కాబట్టి మొదటి రోజు పొద్దున్నే ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాను. అయినా ఆ ఏడాదికి మిగిలిన చివరి లైసెన్సే మా వంతుకి వచ్చింది. మా వెనక వెయిటింగ్ లిస్టు ఉంది. తనిఖీలో తప్పితే సరిచేసుకోవడానికి ముప్పై రోజులు గడువు, తర్వాత ఆ లైసెన్స్ వెనకవాళ్లకి వెళ్లిపోతుంది. మా ఆయన కంపెనీలో ఆ వసంతం మనుషుల్ని తీసేస్తున్నారు. అద్దెకివ్వలేకపోతే ఆ ఇల్లు ఉంచుకోవడం మా వల్ల అయ్యేది కాదు.

తనిఖీకి వచ్చేది తెలుగాయన అని వాట్సాప్ గ్రూపులో తెలిసినప్పుడు మా ఆయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "మనోడే కదా. కడుపునిండ అన్నం పెడితే సైన్ పెట్టి పోతడు," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. చట్టం మూడుసార్లు చదివిన నేను, తనిఖీ రోజు పొద్దున్న లేచి గుత్తివంకాయ కూర, పప్పుచారు, దోసకాయ పచ్చడి చేశాను.

ఇక్కడి ఇళ్లలో మనం పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది. ఇది తెలియని తెలుగు ఇల్లాలు అమెరికాలో ఉండదు. కొందరు తువ్వాలు విసురుతారు, కొందరు కిటికీలు తీస్తారు. మా ఇంట్లో పద్ధతి షవర్ క్యాప్. హోటల్ నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ టోపీని అలారానికి తొడిగేస్తే వంట ప్రశాంతంగా అవుతుంది. ఆ రోజు కూడా తొడిగాను. తియ్యడం మర్చిపోయాను.

ఆయన సరిగ్గా పదకొండింటికి వచ్చారు. కారుని వెనక్కి తిప్పి, ముందుభాగం రోడ్డువైపు ఉండేట్టు ఆపారు. తర్వాత గమనించాను, ఎక్కడైనా అలాగే ఆపేవారు. సన్నగా, పొడుగ్గా, డెబ్బై దగ్గర వయసు. తలకి కొబ్బరినూనె రాసి నున్నగా దువ్వుకున్నారు. గుమ్మంలో చెప్పులు విడిచి మేజోళ్లతో లోపలికి వచ్చారు. నేను నమస్కారం పెట్టి, మంచినీళ్లు తాగండి అంకుల్ అన్నాను. లైసెన్స్ వచ్చాక తాగుతానన్నారు.

వంటింట్లోకి వచ్చి తలెత్తారు. ఎర్ర పూలున్న షవర్ క్యాప్. ఒక నిమిషం దాన్నే చూశారు. తర్వాత ముక్కు ఎగబీల్చారు.

"పోపు బాగా వేగిందమ్మా," అన్నారు. "పాపం అలారానికే తెలీలేదు."

మా ఆయన నా వంక చూశాడు. నేను కుర్చీ ఎక్కి క్యాప్ తీశాను. ఆయన కోప్పడలేదు. పొయ్యికీ అలారానికీ మధ్య దూరం టేపు పట్టి కొలిచారు. పొయ్యికి ఇంత దగ్గర్లో పెడితే ఎవరైనా టోపీ తొడుగుతారు, తప్పు టోపీది కాదు, పెట్టిన చోటుదన్నారు. దాన్ని నడవా వైపు జరిపి, పొయ్యి పొగకి ఊరికే కూయని రకం కొనుక్కోమని కాగితం మీద రాసిచ్చారు.

తర్వాత పడకగదులు. ప్రతి గదిలోనూ అదే వరస. జేబులోంచి ఇస్త్రీ చేసిన తెల్ల రుమాలు తీసి దిండు మీద పరిచేవారు. అదేమిటంటే, తన తలనూనె వేరేవాళ్ల దిండుకి అంటకూడదట. మంచం మీద వెల్లకిలా పడుకుని చేతులు పొట్ట మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఒక నిమిషం అలాగే ఉండేవారు. మొదటిసారి నిద్రపోయారేమోనని భయపడ్డాను. తర్వాత కళ్లు తెరవకుండానే లేచి, గోడ తడుముకుంటూ, అడుగులు పైకి లెక్కపెడుతూ గుమ్మందాకా నడిచేవారు. ఒకటి, రెండు, మూడు. తర్వాత మళ్లీ మంచం దగ్గరికి వచ్చి, ఈసారి కిటికీ వైపు.

నాకు తెలిసిన చట్టంలో ఎక్కడా పడుకోమని లేదు. ఆ మాటే అన్నాను, నవ్వుతూనే. చదివిన విషయం చెప్పకుండా ఉండలేను కాబట్టి ఇంకోటి కూడా చెప్పాను. పాతకాలం రాజ్యాల్లో సత్రం నడిపేవాడు వచ్చిపోయేవాళ్ల వివరాలు అధికారికి చెప్పాల్సి ఉండేదనీ, ఇళ్లలో దిగే కొత్తవాళ్ల మీద ప్రభుత్వం కన్ను ఉండటం ఇప్పటిది కాదనీ చెప్పాను.

"ఆ అధికారి సత్రంలో పడుకుని చూశాడా?" అని అడిగారు.

అది పుస్తకంలో లేదన్నాను.

బేస్‌మెంట్ గదికి వచ్చేసరికి ఎక్కువసేపు పట్టింది. ఆ గదికి కిటికీ ఉంది, కాని పైన, పైకప్పుకి ఆనుకుని, చిన్నది. బయట పచ్చిక అంచు కనిపిస్తుంది. ఆయన పడుకున్నారు. లేచి కళ్లు మూసుకుని మెట్లదాకా నడిచారు, దారిలో నీళ్లు కాగే బాయిలర్ గది తలుపు దగ్గర ఆగారు. వెనక్కి వచ్చి మంచం ఎక్కి నిలబడి కిటికీ తెరిచారు. తల పెట్టి చూశారు. ఒక చెయ్యి పెట్టారు. దిగి వచ్చి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

మెట్ల మొదట్లోనే బాయిలర్ ఉంది, అక్కడ నిప్పంటుకుంటే మెట్లు లేనట్టే, ఉన్న కిటికీలోంచి మనిషి పట్టడు, కాబట్టి ఇది పడకగది కాదన్నారు. గోడ కోసి పెద్ద కిటికీ పెట్టించాలి. లేదంటే ఈ గది వదిలేయండి, పైన మూడు గదులకి లైసెన్స్ రాసిస్తాను, అలారం మార్చిన రోజే సంతకం పెడతాను అన్నారు.

మూడు గదులంటే ఎనిమిదిమంది. మేం అప్పటికే పదిమందికి బుకింగ్ ఒప్పుకున్నాం. జూన్‌లో ఒహాయో నుంచి ఒకామె తన అత్తమామల షష్టిపూర్తికని మూడు రోజులకి తీసుకుంది. పెద్దవాళ్లంతా పైన, పిల్లలందరూ కింద గదిలో పడుకుంటారని ఫోన్‌లో మురిసిపోయి చెప్పింది. గోడ కోసే కాంట్రాక్టర్లు ఆగస్టు దాకా ఖాళీ లేరు.

అన్నం తిని పొమ్మని మా ఆయన బతిమాలాడు. "మీరు మాకు పెద్దదిక్కు లెక్క అంకుల్. గీ ఒక్క గది చూసీచూడనట్టు పోతే ఏమైతది?"

ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "చూశాక చూడనట్టు ఎలా పోతాను బాబూ," అన్నారు.

వారానికి రిపోర్టు పోస్టులో వచ్చింది. చివర ఇతర విషయాలు అన్న గడిలో ఇంగ్లిషులో ఒక వాక్యం ఉంది. యజమానులు భోజనం పెట్టబోయారు, తీసుకోలేదు. టౌన్‌షిప్ కాగితాలు ఎవరు అడిగినా చూపించాలన్నది చట్టం. అంటే నా గుత్తివంకాయ కూర ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అలారం మార్చాక దాన్ని చూడటానికి ఆయన రెండోసారి వచ్చారు. బటన్ నొక్కి, కూత విని, కాగితం మీద రాసుకున్నారు. అయిపోయిందనుకున్నాను. ఆయన చొక్కా జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీశారు. అందులో ఆవాలు, ఎండుమిరపకాయలు. కొంచెం నూనె, ఒక మూకుడు ఇవ్వమన్నారు. నేను నోరు తెరుచుకుని ఇచ్చాను. పొయ్యి వెలిగించి, నూనె కాగాక ఆవాలు వేసి, చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. ఆవాలు చిటపటలాడాయి, మిరపకాయలు వేగాయి, ఇల్లంతా ఘాటు. అలారం కిక్కురుమనలేదు. ఆయన మూకుడు దించలేదు. మిరపకాయలు నల్లబడి, మాడి, మా ఇద్దరికీ దగ్గు తెరలు తెరలుగా వస్తుండగా నడవాలో అలారం మోగింది.

ఆయన దగ్గుతూనే గడియారం చూసి తలాడించారు. "పోపుకి మోగకూడదు, మాడితే మోగాలి," అన్నారు. బటన్ నొక్కితే బటన్ పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుందట. మూకుడు తనే తోమి బోర్లించి వెళ్లారు. నీళ్లు అప్పుడూ తాగలేదు.

గడువు ఇంకా పదహారు రోజులుంది. నేను లైబ్రరీకి వెళ్లి చట్టం నాలుగోసారి చదివాను. ఇన్‌స్పెక్టర్ నిర్ణయం నచ్చకపోతే బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చని ఒక పేరా ఉంది. అప్పీలు చేయాలంటే పట్టు ఉండాలి. ఆ పట్టు నాకు ఆస్తి పన్ను కార్డులో దొరికింది. ప్రతి ఇంటికీ టౌన్‌షిప్ దగ్గర ఒక కార్డు ఉంటుంది, ఇంటి విలువ కట్టడానికి అందులో వివరాలు రాసుకుంటారు. మా ఇంటి కార్డు మీద పడకగదులు నాలుగు అని వాళ్ల చేత్తోనే రాసి ఉంది. ఆ కాగితం చూసినప్పుడు లైబ్రరీలో గట్టిగా నవ్వాను. పక్క బల్ల దగ్గర ముసలాయన పేపరు దించి చూశాడు.

బోర్డు సమావేశం టౌన్‌షిప్ హాల్లో, మడత కుర్చీల మధ్య జరిగింది. ఐదుగురు సభ్యులు. నాకు మూడు నిమిషాలిచ్చారు. ఇంగ్లిషులో అంతమంది ముందు మాట్లాడటం నాకు అదే మొదలు. కార్డు నకలు అందరికీ పంచాను. పన్ను వేసేటప్పుడు ఆ గదిని పడకగదిగా లెక్కపెట్టుకున్నారు, ఇన్నేళ్లూ దాని మీద పన్ను తీసుకున్నారు, ఇప్పుడు అది పడకగది కాదంటే ఆ పన్ను దేనికి తీసుకున్నట్టు అని అడిగాను. ఒకాయన కార్డు తిప్పి చూసి పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. గెలుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

ఇన్‌స్పెక్టర్ ఏమంటారని అధ్యక్షురాలు అడిగింది. ఆయన చివరి వరసలో మోకాళ్ల మీద రుమాలు మడతపెట్టుకుని కూర్చున్నారు. లేచి, ఇంగ్లిషులో రెండే ముక్కలు చెప్పారు. ఆ గదిలో పడుకుని చూశాను. బయటికి రాలేకపోయాను.

గదుల్ని పడుకుని కొలుస్తారా అని సభ్యుల్లో ఒకాయన అన్నాడు. హాల్లో నవ్వులు. నేనూ నవ్వాను.

ముగ్గురు నా వైపు చెయ్యెత్తారు, ఇద్దరు ఎత్తలేదు. ఆ ఏడాదికి నాలుగు గదులకీ లైసెన్స్ ఇచ్చారు, వచ్చే ఏడు తనిఖీలో మళ్లీ చూడాలని రాశారు. మా ఆయన హాలు బయటికి వచ్చాక, మొత్తం వాట్సాప్ గ్రూపుకి నా ఫొటో పెట్టాడు.

కార్ల దగ్గర ఆయన నా కోసం ఆగి ఉన్నారు. ఎదురుపడటానికి నాకు ఇబ్బందిగానే ఉంది.

"ఆ కార్డు నేను చూడలేదమ్మా. చూడాల్సింది. బాగా చదివావు," అన్నారు.

థాంక్స్ అంకుల్ అన్నాను.

"ఇంకొక్క పని చెయ్యి. ఆ మంచం మీద నువ్వొకసారి పడుకో. పగలే. కళ్లు మూసుకుంటే చాలు."

అన్నీ చట్టప్రకారమే ఉన్నయి కద అంకుల్ అన్నాను, కొంచెం పెడసరంగానే.

"ఉన్నాయి. కాగితం నిద్రపోదమ్మా," అని కారెక్కారు.

జూన్‌లో ఒహాయోవాళ్లు వచ్చే రోజుకి నాలుగు రోజుల ముందు ఇల్లు సర్దడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. పై గదులన్నీ అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి, కింద గదిలో దుప్పట్లు మార్చాను. పిల్లల కోసమని నేల మీద కూడా రెండు పరుపులు వేశాను. పని అయిపోయింది. నడుము నొప్పిగా ఉంది. పడుకున్నాను. ఆయన చెప్పినందుకు పడుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను, కాని కళ్లు మూసుకున్నాను.

లేచి నడిచాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగులో నేల మీద పరుపు తగిలి మోకాళ్ల మీద పడ్డాను. కళ్లు తెరవలేదు, పంతం. పాక్కుంటూ గోడ పట్టుకుని మెట్ల వైపు వెళ్తే అరచేతికి వేడిగా బాయిలర్ గది తలుపు తగిలింది. అక్కడ ఆగాను. వెనక్కి వచ్చి మంచం ఎక్కి కిటికీ తెరిచాను. తల బయటికి వచ్చింది. కుడి చెయ్యి వచ్చింది. భుజం రాలేదు. ఒక్క క్షణం లోపలికీ బయటికీ కాకుండా ఇరుక్కున్నాను. గడ్డం కింద పచ్చిక తడిగా గుచ్చుకుంది. సరస్సు మీద ఎవరిదో పడవ వెళ్తోంది. పిలిస్తే వినపడే దూరంలో ఎవరూ లేరు.

వెనక్కి జారి మంచం మీద కూర్చున్నాను. నా చట్టం కాగితాలు, పచ్చగీతలూ గులాబీగీతలూ, పైన బల్ల మీద ఉన్నాయి. వాటిలో దేన్నీ నేను తప్పుగా చదవలేదు.

ఒహాయో ఆమెకి ఫోన్ చేసి ఎనిమిదిమందికే వీలవుతుందని చెప్పాను. కింద గది ఇవ్వలేనన్నాను. లైసెన్స్ నాలుగు గదులకి ఉంది కదా, మీ పేజీ మీదే రాశారు కదా అని ఆమె అడిగింది. ఉంది, అయినా ఇవ్వలేనన్నాను. కారణం చెప్పాను. "నాలుగు రోజుల ముందా చెప్పేది? ఇప్పుడు మా అత్తగారికి నేనేం చెప్పుకోవాలి?" అంది. ఆమె కోపం న్యాయమే. డబ్బంతా వాపసు చేశాం. బుకింగ్ పోయింది, మాట నిలబెట్టుకోని మనుషులని ఒక్క నక్షత్రంతో రివ్యూ కూడా వచ్చింది. అది ఇప్పటికీ మా పేజీ మీద ఉంది.

మా ఆయన రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "గెలిచినంక ఓడుడేంది?" అన్నాడు ఒకసారి. మూడో రోజు తనే వచ్చి మంచం విప్పడానికి సాయం చేశాడు. కింద గదికి తాళం వేసి, మా లైసెన్సుని నాలుగు గదుల నుంచి మూడుకి తగ్గించమని టౌన్‌షిప్‌కి దరఖాస్తు పెట్టాను. దానికి ఫారం లేదు. తగ్గించమని ఎవరూ అడగరు కాబట్టి ఎప్పుడూ తయారు చేయలేదని ఆఫీసులో ఆమె చెప్పింది. తెల్లకాగితం మీద రాసిచ్చాను. ఆ వేసవి ఎనిమిదేసిమందితోనే గడిచింది. ఇల్లు నిలబడింది, కష్టంగానే.

ఆ శీతాకాలం ముందు కాంట్రాక్టర్ దొరికాడు. గోడ కోసి, బయట మట్టి తవ్వి, ఆ గోతిలో ఇనుప నిచ్చెన బిగించి, తలుపులా తెరుచుకునే పెద్ద కిటికీ పెట్టాడు. మంచం మళ్లీ వేశాను. నాలుగు గదులకీ దరఖాస్తు పెట్టాను.

మే నెలలో ఆయన మూడోసారి వచ్చారు. కారు రోడ్డువైపు తిప్పి ఆపారు. చెప్పులు విడిచారు. ఏడాది కిందటి సంగతి ఎత్తలేదు. నేను రాసిచ్చిన తెల్లకాగితం ఆయన చేతిలో ఫైల్లో కనిపించింది. పై గదులన్నిటిలో రుమాలు పరిచి పడుకుని లేచారు. కిందికి వెళ్లేటప్పుడు నన్ను మెట్ల పైనే ఉండమన్నారు.

నేను పైన నిలబడి చెవులు రిక్కించాను. మంచం కిర్రుమంది. ఒక నిమిషం గడిచింది. ఒకటి, రెండు అని లెక్క వినిపించింది. కిటికీ గడియ చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎంతసేపు చూసినా మెట్ల మీద అడుగుల చప్పుడు రాలేదు. అంకుల్ అని పిలిచాను. జవాబు లేదు. ఆ వయసులో పడ్డారేమోనని రెండు మెట్లు దిగాను.

అప్పుడు వీధి తలుపు గంట మోగింది.

తీశాను. ఆయన వాకిట్లో మేజోళ్లతో నిలబడి ఉన్నారు. మోకాళ్లకి మట్టి, మోచేతికి గడ్డిపరక, దువ్విన తల చెదిరింది. కొంచెం ఆయాసపడుతున్నారు. చేతిలో రుమాలు మాత్రం మడత నలగలేదు.

"నీళ్లుంటే ఇస్తావా అమ్మా?" అన్నారు.

గ్లాసు తెచ్చిచ్చాను. గుమ్మంలో నిలబడే మొత్తం తాగారు. ఇంకో గ్లాసు అడిగి అదీ తాగారు. లైసెన్స్ ఇంకా రాలేదు కద అంకుల్ అన్నాను. కాగితం వచ్చేవారం పోస్టులో వస్తుందన్నారు. మేజోళ్లు విప్పి దులుపుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు. ఆ ఏడు రిపోర్టులో ఇతర విషయాలు అన్న గడిలో రాసింది ఒకే వాక్యం. నీళ్లు తీసుకున్నాను.

తర్వాత రెండేళ్లు కూడా అలాగే వచ్చారు. పోపు పెట్టారు, పడుకున్నారు, కిటికీలోంచి వెళ్లి గంట కొట్టారు, నీళ్లు తాగారు. భోజనానికి మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. కిందటేడు నిచ్చెన ఎక్కడానికి ఎక్కువసేపు పట్టింది. గంట మోగేదాకా నేను వాకిట్లోకి వెళ్లలేదు. వెళ్తే ఆయనకి నచ్చేది కాదు.

ఈ మే నెలలో కొత్త మనిషి సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాక నేను వంటింట్లోకి వెళ్లి మూకుడు పొయ్యి మీద పెట్టాను. ఆవాలు, ఎండుమిరపకాయలు వేశాను. పోపుకి మోగలేదు. మాడ్చాను, మోగింది. మా ఆయన సోఫాలోంచి దగ్గుతూ, "ఇన్‌స్పెక్షన్ అయిపాయె కదనే," అన్నాడు. ఇంకా కాలేదన్నాను.

బీరువాలోంచి ఇస్త్రీ చేసిన రుమాలు తీసుకుని మూడు గదుల్లోనూ పడుకుని లేచాను. తర్వాత కిందికి వెళ్లాను. కళ్లు మూసుకుని ఐదు అడుగులు వేస్తే కిటికీ గడియ చేతికి తగిలింది. నిచ్చెన ఎక్కి పచ్చిక మీదికి వచ్చాను. యాభై ఏళ్లకే ఆయాసం వచ్చింది, ఆయనకెంత వచ్చి ఉంటుందో. మోకాళ్లకి మట్టి అంటుకుంది. దులుపుకోకుండా ఇల్లు చుట్టి ముందుకి వచ్చి, మా ఇంటి గంట నేనే కొట్టాను.

మా ఆయన తలుపు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు.